శాంటియాగో బెంచ్ మీద ఎక్కువసేపు కూర్చోడు

2021 ఆగస్టు 31, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బులు ఆటగాళ్ళను కొనుక్కోవడానికి ఆఖరి రోజు. ఆ రోజు న్యూకాజిల్ యునైటెడ్ పంతొమ్మిదేళ్ళ మెక్సికన్ ఫార్వర్డ్ ఒకతన్ని లోన్ మీద, అంటే కొంతకాలానికి అరువుగా, తెచ్చుకుంది. శాంటోస్ లగూనా క్లబ్ కుర్రాడు, 2019లో మెక్సికో అండర్-17 జట్టుకి ప్రపంచ కప్‌లో ఆడాడు. ఇలాంటి వార్తని మామూలుగా అయితే న్యూకాజిల్‌లోనే సగం మంది పట్టించుకోరు. కానీ ఆ కుర్రాడి పేరు శాంటియాగో మున్యోజ్.

'గోల్' సినిమా చూసినవాళ్ళకి ఇంకేం చెప్పక్కర్లేదు. చూడనివాళ్ళ కోసం: 2005లో వచ్చిన ఆ సినిమాలో హీరో పేరు శాంటియాగో మున్యెజ్. అతనూ మెక్సికన్ కుర్రాడే, అతనూ ఫార్వర్డే, అతను చేరిందీ న్యూకాజిల్‌లోనే. ఆ రాత్రి మా రైల్వే కాలనీ పాత కుర్రాళ్ళ వాట్సాప్ గ్రూపు, ఏడాదికి రెండు పుట్టినరోజు కేకులు తప్ప ఏమీ కనిపించని గ్రూపు, ఒక్కసారిగా లేచి కూర్చుంది. "రేయ్, మనోడు నిజంగా దిగాడ్రా" అని ఒకడు. "ఇన్‌హేలర్ తెచ్చుకున్నాడో లేదో కనుక్కోండి" అని ఇంకొకడు. సినిమాలో శాంటియాగోకి ఉబ్బసం. కోచ్‌కి చెప్పకుండా దాచిపెడతాడు.

అసలు శాంటియాగో సంగతి ఎక్కడిదాకా వచ్చిందో తర్వాత ఎవరూ అడగలేదు. అతను కుర్రాళ్ళ జట్టుకి ఆడాడు. న్యూకాజిల్ మొదటి జట్టు తరఫున ఒక్క నిమిషం కూడా మైదానంలోకి దిగలేదు. 2023లో శాంటోస్ లగూనాకే తిరిగి వెళ్ళిపోయాడు. ప్రపంచమంతా అతని పేరు తెలిసింది, ఆట మాత్రం ఎవరూ చూడలేదు. తను కొట్టని గోల్స్‌కి వచ్చిన పేరు అది.

ఈ పాత కథ నాకు మళ్ళీ ఎందుకు గుర్తొచ్చిందంటే, మొన్న సెలవులకి మా అన్నయ్య కొడుకు మా ఇంటికి వచ్చాడు. వాడికి పదిహేనేళ్ళు. స్కూల్ జట్టులో ఎడమ పక్క ఆడతాడు. ఆ మధ్య ఏదో టోర్నమెంటులో గాల్లో ఉన్న బంతిని వెనక్కి తిరిగి తన్ని గోల్ కొట్టాడు. ఎవరో ఫోన్‌లో తీసి, పాట తగిలించి, రీల్ పెట్టారు. ఊళ్ళోవాళ్ళే కాదు, ఎక్కడెక్కడివాళ్ళో చూశారు. వాడు వచ్చిన దగ్గర్నుంచీ గమనిస్తున్నాను, అన్నం తింటూ కూడా ఒక బొటనవేలితో ఆ వ్యూస్ లెక్క చూసుకుంటున్నాడు. మా వదిన ఫోన్ చేసి "వాడికి కొంచెం చెప్పవయ్యా, నీ మాటైతే వింటాడు" అంది. నా మాట వినేవాళ్ళు ఇంకా ఉన్నారని నాకే తెలియదు.

నేనేమీ చెప్పలేదు. వాడే అడిగాడు. "బాబాయ్, గోల్ మొదటిది చూసేశాను. రెండోది చూద్దామా? అందులో రియల్ మాడ్రిడ్‌కి వెళ్తాడంట కదా." సరే అని చూశాం.

నేను ఆ సినిమా మొదటిసారి చూసింది ఇంజనీరింగ్ హాస్టల్లో, కంప్యూటర్లన్నీ కలిపిన లాన్ మీద ఎవడో పెట్టిన ఫైల్‌లో. మధ్యలో ఎవరో తల అడ్డం పెడితే తెర సగం నల్లగా అయిపోయే రకం ప్రింటు. అప్పుడు మాకు సినిమాలో తప్పులు కనబడలేదు. జిదాన్ కనబడ్డాడు, బ్రెజిల్ రొనాల్డో కనబడ్డాడు, రాబర్టో కార్లోస్ కనబడ్డాడు, చాలు. బయట వానొచ్చి కరెంటు పోతే మిగతా సగం మర్నాడు చూశాం. ఇప్పుడు సోఫాలో కూర్చుని, పక్కన ఒక పదిహేనేళ్ళ విమర్శకుడిని పెట్టుకుని చూస్తే సంగతి వేరుగా ఉంది.

కథ ఇది. న్యూకాజిల్‌లో పేరు తెచ్చుకున్న శాంటియాగోని రియల్ మాడ్రిడ్ తీసుకుంటుంది. అక్కడ అతని పాత దోస్తు గావిన్ హారిస్ ముందే ఉన్నాడు, ఫామ్ పోయి, గోల్స్ లేక తిప్పలు పడుతున్నాడు. డబ్బొస్తుంది, పెద్ద ఇల్లొస్తుంది, లాంబోర్గినీ వస్తుంది. న్యూకాజిల్‌లో నర్సుగా పనిచేసే రోజ్ తన ఉద్యోగం, తన ఊరు వదిలి రాలేక, రాకుండా ఉండలేక నలిగిపోతుంది. ఒక టీవీ అమ్మాయితో ఫొటోలు పత్రికల్లో పడతాయి. లాస్ ఏంజిలెస్‌లో తోటపని చేసుకునే కుర్రాడిని వెతికి పట్టుకుని ఇంతవాడిని చేసిన గ్లెన్ ఫాయ్‌ని ఏజెంటుగా వద్దని పంపించేస్తాడు. ఇంకో పక్క చిన్నప్పుడే వదిలేసి వెళ్ళిపోయిన తల్లి అదే మాడ్రిడ్‌లో ఉందని తెలుస్తుంది. ఆమె కొడుకు ఎన్రికే వచ్చి నేను నీ తమ్ముణ్ణి అంటాడు. ఇతను నమ్మడు. చివరికి యూరప్ క్లబ్బుల పెద్ద కప్పు ఛాంపియన్స్ లీగ్ ఫైనల్, ఆర్సెనల్‌తో.

ఇంత సరుకుని రెండు గంటల్లో కుక్కారు. మొదటి సినిమా తీసిన డానీ కానన్ కాదు దీనికి దర్శకుడు, జౌమే కొలెట్-సెర్రా. అతను తర్వాత థ్రిల్లర్లు బాగానే తీశాడు. ఇక్కడ మాత్రం ప్రతి పది నిమిషాలకి ఒక కొత్త గొడవ తెచ్చి పడేసి, పాతదాన్ని మధ్యలో వదిలేశాడు. "బాబాయ్, ఆ ఇల్లు కొన్న సీన్ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ అన్నం తినరేంటి?" అన్నాడు మావాడు. నిజమే. ఆ ఇంట్లో గొడవలు పడతారు, తలుపులు వేసుకుంటారు, అంతే.

నన్ను పట్టుకున్న విషయం వేరే ఉంది. హఠాత్తుగా పేరొస్తే మనిషికి ఏమవుతుంది అన్న ప్రశ్నకి ఈ సినిమా దగ్గరున్న జవాబు కారు, క్లబ్బు, అమ్మాయి, ఫొటోగ్రాఫరు. ఇవి చెడగొడతాయి, కుటుంబం బాగుచేస్తుంది. మన పాత సినిమాల్లో పట్నం వెళ్ళిన తమ్ముడి కథ కూడా ఇదే. ఫుట్‌బాల్‌లో పేరొచ్చిన పద్దెనిమిదేళ్ళవాడిని నిజంగా తినేసేది లాంబోర్గినీ కాదని నా అనుమానం. బెంచ్.

సినిమాలో బెంచ్ ఉంది, లేకపోలేదు. శాంటియాగో మాడ్రిడ్‌లో మొదట సబ్‌స్టిట్యూటే. కానీ లేచి వచ్చిన ప్రతిసారీ గోల్ కొడతాడు. ఒలింపియాకోస్ మీద మొదటి మ్యాచ్‌లోనే కొట్టేస్తాడు. అతను బెంచ్ మీద కూర్చున్నట్టు మనకి తెలిసేలోపే కోచ్ పాత్రధారి రట్గర్ హావర్ వేలు చూపిస్తాడు, ఇతను ట్రాక్‌సూట్ విప్పేస్తాడు. బస్సు కోసం అరగంట నిలబడ్డ కథలో బస్సు వచ్చిన క్షణం మాత్రమే చూపించినట్టు.

మజా ఏమిటంటే, ఆ సినిమాలోనే బెంచ్ అసలు కథ ఒకటి దాక్కుని ఉంది. శాంటియాగో మాడ్రిడ్‌కి వెళ్తే, బదులుగా మైఖేల్ ఓవెన్ న్యూకాజిల్‌కి వస్తాడని సినిమాలో చూపించారు. ఓవెన్ 2005 ఆగస్టు చివర్లో నిజంగానే మాడ్రిడ్ నుంచి న్యూకాజిల్‌కి వచ్చాడు. 1998 ప్రపంచ కప్‌లో పద్దెనిమిదేళ్ళ వయసులో అర్జెంటీనా మీద అతను కొట్టిన గోల్ చూసినవాళ్ళకి హఠాత్తుగా పేరు రావడం అంటే ఏమిటో వేరే ఉదాహరణ అక్కర్లేదు. 2001లో ఏడాది ఉత్తమ ఆటగాడికిచ్చే బ్యాలన్ డి'ఓర్ గెలిచాడు. అలాంటివాడు 2004లో మాడ్రిడ్ వెళ్ళి రౌల్, రొనాల్డో వెనక కూర్చున్నాడు. ఆ సీజన్‌లో లీగ్‌లో 13 గోల్స్ కొట్టాడు, వాటిలో కొన్ని మధ్యలో దిగి కొట్టినవే. అయినా ఒక్క ఏడాదికే తిరుగుప్రయాణం. అంటే సినిమావాళ్ళు శాంటియాగోకి రాసిన కష్టం ఓవెన్ నిజంగా పడ్డ కష్టమే. అతని బెంచ్ ఇతనికిచ్చి, అతన్ని కథలోంచి బయటికి పంపించేశారు.

న్యూకాజిల్ నుంచి మాడ్రిడ్ వెళ్ళిన అసలు మనిషి కూడా ఒకడున్నాడు. జొనాథన్ వుడ్‌గేట్, డిఫెండర్, 2004 ఆగస్టులో వెళ్ళాడు. వెళ్ళేటప్పటికే గాయం. మొదటి సీజన్ మొత్తం ఒక్క మ్యాచ్ ఆడలేదు. ఏడాది పైన ఎదురుచూసి 2005 సెప్టెంబరు 22న, మాడ్రిడ్ సొంత మైదానం బెర్నబావులో, అథ్లెటిక్ బిల్బావో మీద దిగాడు. సొంత గోల్ వేసుకున్నాడు. తర్వాత రెండో పసుపు కార్డు చూసి బయటికి వెళ్ళాడు. మొదటి మ్యాచ్! ఇది చెబితే మావాడు పడీ పడీ నవ్వాడు. తర్వాత ఫోన్ తీసి ఆ వీడియో వెతికి చూసి, "బెర్నబావు వాళ్ళు చప్పట్లు కొడుతున్నారేంటి బాబాయ్, బయటికి వెళ్తుంటే?" అన్నాడు. ఏడాది పాటు వాళ్ళూ ఎదురుచూశారు కదరా, జాలేసి ఉంటుంది అన్నాను.

బెంచ్ గురించి నాకెందుకింత పట్టింపు అంటే, మా కాలనీ జట్టులో నేను ఎప్పుడూ సబ్‌స్టిట్యూటునే, సబ్‌ని. విశాఖలో రైల్వేవాళ్ళ పిల్లల జట్టు మాది. సబ్ పని ఏమిటో ఆడనివాళ్ళకి తెలియదు. పొద్దున్నే వచ్చి గోల్ పోస్టులకి నెట్ కట్టాలి, చిరిగిన చోట పురికొసతో ముడెయ్యాలి. అందరి వాచీలు, చెప్పులు, సైకిల్ తాళాలు నీ ఒళ్ళోనే. హాఫ్ టైమ్‌లో నిమ్మకాయ ముక్కలు, గ్లూకోజు నీళ్ళు అందించాలి. మన జట్టు గెలుస్తుంటే సంతోషం, కానీ మన చోటులో ఆడేవాడు బాగా ఆడుతుంటే ఆ సంతోషం గొంతులో కొంచెం అడ్డం పడుతుంది. వాడికి కండరం పట్టేస్తే బాగుండునని ఒక్క క్షణం అనిపిస్తుంది. వెంటనే సిగ్గేస్తుంది. అనిపించడం మాత్రం ఆగదు. వాడు మనకి మంచి స్నేహితుడు కూడా అయి ఉంటాడు, అదీ సంగతి.

ఆ చిన్న పాపిష్టి ఆలోచన ఈ సినిమాకి తగలాల్సింది. గావిన్ హారిస్, శాంటియాగో దోస్తులు, ఆడేది ఒకే చోటు. ఒకడు దిగితే ఇంకొకడు కూర్చోవాలి. సినిమా మొత్తంలో దీనికంటే మంచి ముడి లేదు. ఆ పాత్ర వేసిన అలెసాండ్రో నివోలా కూడా దాన్ని కళ్ళతో చూపిస్తాడు. కుర్రాడు గోల్ కొట్టినప్పుడు చప్పట్లు కొడుతూనే ఒక రెప్పపాటు ఆగే చేతులు. కానీ దర్శకుడికి తొందర, వెంటనే కెమెరా లాంబోర్గినీ మీదికి పోతుంది. నన్నడిగితే ఈ సినిమాకి హీరో హారిస్ అయ్యుండాలి. పేరొచ్చినవాడి కథ అందరూ తీస్తారు. పేరు జారిపోతున్నవాడు, కొత్తగా పేరొచ్చిన పిల్లాడికి ఊరు చూపించడం, అది కథ.

మాడ్రిడ్ బెంచ్‌ని జయించినవాడు ఒకతను ఈ సినిమాలోనే తిరుగుతుంటాడు, చాలామంది గుర్తుపట్టరు. కోచ్ పక్కన కనిపించే స్టీవ్ మెక్‌మనమన్. అతను 1999లో మాడ్రిడ్‌లో చేరాడు, 2000 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో వాలెన్సియా మీద గాల్లో బంతిని తన్ని గోల్ కొట్టాడు. ఆ వేసవిలోనే ఫిగో వచ్చాడు, నువ్విక అవసరం లేదు వెళ్ళిపో అన్నారు. వెళ్ళలేదు. ప్రాక్టీసుకి వస్తూనే ఉన్నాడు, మళ్ళీ జట్టులోకి వచ్చాడు, 2002లో ఇంకో ఛాంపియన్స్ లీగ్ గెలిచాడు. అలాంటివాడిని పక్కన నిలబెట్టుకుని కూడా సినిమావాళ్ళకి ఆ కథ అడగాలనిపించలేదు.

బెక్‌హామ్ సంగతి ఇంకా విచిత్రం. సినిమాలో ఫైనల్ ఎలా ముగుస్తుందంటే, మాడ్రిడ్ వెనకబడి ఉంటుంది, హారిస్ ఒకటి, శాంటియాగో ఒకటి కొట్టి సమం చేస్తారు, ఆఖర్న బెక్‌హామ్ ఫ్రీకిక్‌తో కప్పు. ఇంగ్లండ్‌లో ఈ సినిమా విడుదలైంది 2007 ఫిబ్రవరి 9న. అప్పటికి అసలు బెక్‌హామ్ ఎక్కడున్నాడు? లాస్ ఏంజిలెస్ గెలాక్సీకి వెళ్తున్నానని జనవరిలో ప్రకటించాడు. దాంతో కోచ్ కాపెల్లో ఇతను ఇక మా జట్టుకి ఆడడు అని చెప్పేశాడు. నెలరోజులు ప్రాక్టీసు తప్ప ఆట లేదు. తెర మీద కప్పు గెలిపిస్తున్నవాడు బయట జట్టులోనే లేడు. సరిగ్గా విడుదల మర్నాడు, ఫిబ్రవరి 10న, కాపెల్లో మనసు మార్చుకుని రియల్ సొసియెడాడ్ మీద దింపాడు. బెక్‌హామ్ ఏం చేశాడంటారా? ఫ్రీకిక్ గోల్. ఆ సీజన్ లీగ్ కూడా మాడ్రిడ్ గెలిచింది, అక్కడ ఆడిన నాలుగేళ్ళలో అతనికి దక్కిన ఒకే ఒక లీగ్ టైటిల్ అదే. ఇది ఎవరైనా స్క్రిప్టుగా రాసుకొస్తే, ఇంత కుదరదండీ అని నిర్మాత వెనక్కి పంపేస్తాడు.

ఆర్సెనల్‌తో ఫైనల్ అన్నాను కదా. నిజంగా ఆ రెండు జట్లూ తలపడింది 2006 ఫిబ్రవరి 21న, బెర్నబావులో, ఫైనల్ కాదు, చివరి పదహారు జట్ల దశలో. అర్ధరాత్రి దాటాక మొదలైన ఆ మ్యాచ్ హాస్టల్ కామన్ రూమ్‌లో చూశాం, శబ్దం తగ్గించి, వార్డెన్ లేవకుండా. సెకండాఫ్ మొదలవగానే ఆర్సెనల్ ఫార్వర్డ్ థియెరీ ఆన్రీ సెంటర్ దగ్గర బంతి పట్టుకున్నాడు. ఒకడు తోశాడు, పడలేదు. ఇంకొకడు అడ్డొచ్చాడు, తప్పించుకున్నాడు. ఎడమ కాలితో, మాడ్రిడ్ గోల్‌కీపర్ కసియాస్‌కి అందకుండా మూలకి. 1-0. రెండో మ్యాచ్ లండన్‌లో 0-0, మాడ్రిడ్ ఇంటికి. ఆ రెండో మ్యాచ్ దాకా కూడా ఆగకుండా, మొదటిది ఓడిన వారం తిరగకముందే క్లబ్ ప్రెసిడెంట్ ఫ్లోరెంటినో పెరెజ్ రాజీనామా చేశాడు. ఫిగో, జిదాన్, రొనాల్డో, బెక్‌హామ్ అంటూ ఏడాదికొక పెద్ద పేరు కొనుక్కొచ్చిన మనిషి. ఇన్ని పేర్లున్న జట్టుకి 2003 తర్వాత మూడు సీజన్ల పాటు చెప్పుకోదగ్గ కప్పు ఒక్కటీ లేదు. పేరు ఎక్కువై ఆట తక్కువైన ఆ జట్టునే ఈ సినిమా స్వర్గంలా చూపించింది. ఆన్రీ మమ్మల్ని ఏడిపించిన రాత్రి తాలూకు దృశ్యాలే కోసి, అతికించి, మాడ్రిడ్ కప్పు ఎత్తినట్టు చేశారు. మా హాస్టల్లో ఆర్సెనల్ అభిమాని ఒకడుండేవాడు, ఈ సీన్ రాగానే లేచి వెళ్ళిపోయాడు. పాపం, మళ్ళీ పిలిచినా రాలేదు.

సినిమా అయ్యాక మావాడు చాలాసేపు తన హీరో గురించి మాట్లాడాడు. ఇంకెవరు, లామిన్ యమాల్. గోల్ కొట్టాక వేళ్ళతో 304 చూపించే గుర్తు మావాడికీ అలవాటే. అది యమాల్ పెరిగిన రొకఫోండా పేట పిన్‌కోడ్ చివరి అంకెలు. మావాడు మా వీధి పిన్‌కోడ్‌తో చేసి చూశాడు గానీ వేళ్ళు చాలడం లేదంట. "బాబాయ్, యమాల్ పదిహేనేళ్ళకే బార్సిలోనాకి ఆడాడు. పదహారేళ్ళకి యూరో సెమీఫైనల్లో ఫ్రాన్స్ మీద ఆ గోల్. నాకు పదిహేను వచ్చేశాయి." వాడి గొంతులో టెన్షన్ నాకు వినబడింది. పదిహేనేళ్ళకే ఆలస్యమైపోయిందని అనుకుంటున్నాడు!

యమాల్ యూరో ఆడుతూనే హోటల్లో స్కూల్ హోంవర్క్ చేసుకున్నాడని చెప్పాను. అది వాడికి నచ్చలేదు. వదినకి చెబితే బాగా నచ్చుతుంది.

తర్వాత ఇంకో ఇద్దరి కథ చెప్పాను. ఒకడు ఫెడెరికో మకేడా. 2009 ఏప్రిల్ 5, ఓల్డ్ ట్రాఫర్డ్. మాంచెస్టర్ యునైటెడ్, ఆస్టన్ విల్లా 2-2. పదిహేడేళ్ళ ఇటాలియన్ కుర్రాడు, మొదటి మ్యాచ్, సబ్‌గా వచ్చాడు. ఇంజురీ టైమ్‌లో గోల్‌కి వీపు పెట్టి నిలబడి, మడమతో డిఫెండర్ని బోల్తా కొట్టించి, తిరిగి మూలకి వంచాడు. 3-2. గోల్ సినిమాకి ఇంతకంటే మంచి సీన్ దొరకదు. తర్వాతి వారం సండర్లాండ్ మీద మళ్ళీ సబ్‌గా వచ్చి మళ్ళీ కొట్టాడు. అచ్చం శాంటియాగో. ఆ తర్వాత? యునైటెడ్‌కి లీగ్‌లో మొత్తం 4 గోల్స్. సాంప్‌డోరియా, క్వీన్స్ పార్క్ రేంజర్స్, స్టుట్‌గార్ట్ అంటూ లోన్ల మీద లోన్లు. కార్డిఫ్, నొవారా, తర్వాత గ్రీసులో పనథినైకోస్. కుర్రాడు చెడిపోలేదు, కారు గుద్దలేదు, తాగి పత్రికలకి ఎక్కలేదు. ఆడే అవకాశం నిలకడగా రాలేదు, అంతే. ఇందులో సినిమా తీయడానికి ఏముంది?

రెండోవాడు మార్టిన్ ఓడెగార్డ్. పదిహేనేళ్ళకే నార్వే జట్టుకి ఆడాడు. 2015 జనవరిలో, పదహారేళ్ళ వయసులో, యూరప్‌లో పెద్ద క్లబ్బులన్నీ వెంటపడితే మాడ్రిడ్ తీసుకుంది. ఆ మే నెలలో గెటాఫె మీద మొదటి మ్యాచ్, అదీ క్రిస్టియానో రొనాల్డో బయటికి వస్తుంటే అతని బదులు లోపలికి. ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. ఇక అంతే, కొన్నేళ్ళు ఎక్కడా వినబడలేదు. హాలండ్‌లో హీరెన్‌వేన్, తర్వాత విటెస్, తర్వాత స్పెయిన్‌లోనే రియల్ సొసియెడాడ్. ఆ వార్త చదివి "వీడి పని అయిపోయింది" అన్నవాళ్ళలో మా గ్రూపువాళ్ళూ ఉన్నారు, ఆధారాలు నా ఫోన్‌లో భద్రంగా ఉన్నాయి. 2021లో ఆర్సెనల్‌కి వచ్చాడు, 2022లో కెప్టెన్ అయ్యాడు. పదహారేళ్ళప్పుడు వచ్చిన పేరుకి ఆట అందుకోవడానికి ఆరేడేళ్ళు పట్టింది. ఆ ఏళ్ళలో నెదర్లాండ్స్‌లో ఏదో చలి సాయంత్రం, సగం ఖాళీ స్టేడియంలో ఏం ఆలోచించుకుంటూ ప్రాక్టీసు చేసి ఉంటాడో, నాకు ఆ సినిమా కావాలి.

"మనవాళ్ళెవరూ లేరా బాబాయ్?" అన్నాడు. ఉన్నారు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం. అప్పటి భారత జట్టు కోచ్ రహీం సాబ్ కళ్ళలో పడ్డాడు, ఇరవయ్యేళ్ళకే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు, ఆ జట్టే నాలుగో స్థానంలో నిలిచింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్, పెరూ మీద గోల్. 1962 జకార్తాలో ఏషియాడ్ స్వర్ణం. మరుసటి ఏడాదే, 1963లో, ఊపిరితిత్తుల జబ్బు, ఆట బంద్, ఇంకా ముప్పై కూడా నిండలేదు. తర్వాత అరవై ఏళ్ళు బెంగాల్లోనే గడిపి 2023 ఫిబ్రవరిలో పోయాడు. మావాడు ఫోన్‌లో వెతికాడు. నలుపు తెలుపు ఫొటోలు కొన్ని దొరికాయి, గోల్ వీడియో ఒక్కటీ దొరకలేదు. "ఒక్క క్లిప్ కూడా లేదా?" అని చాలా బాధపడ్డాడు. వాడికి అది ఘోరమైన అన్యాయంగా తోచింది. నేను కాదనలేదు.

సినిమాని మరీ తీసిపారేస్తున్నానేమో. నచ్చినవీ ఉన్నాయి. తల్లి కథ నచ్చింది. ఎలిజబెత్ పెన్యా వేసింది ఆ పాత్ర. బార్‌లో పనిచేసుకుంటూ, కస్టమర్లు అరుస్తున్న టీవీలో తన కొడుకుని చూస్తుంది. పక్కవాళ్ళకి ఈ ఆటగాడు నా కొడుకు అని చెప్పలేదు, ఎలా చెబుతుంది, చిన్నప్పుడు వదిలేసి వచ్చిన మనిషి. ఊరంతా వాడి పేరు అరుస్తుంటే ఆమె గ్లాసులు తుడుస్తుంది. ఎన్రికే గొడవ కూడా నిజంగా ఉంది. అన్న అని వెంటపడ్డ పిల్లాడిని ఇతను డబ్బు కోసం వచ్చిన మోసగాడు అనుకుంటాడు. పేరొచ్చినవాడికి చుట్టాలు ఎక్కువవుతారు, అది నిజం. ఆ ఎక్కువలో అసలు తమ్ముడు కూడా ఉండొచ్చు. ఆ పిల్లాడు అన్న లాంబోర్గినీ ఎత్తుకుపోయి గుద్దేసే సీన్ దగ్గర మావాడు మొదటిసారి ఫోన్ బోర్లా పెట్టాడు.

రోజ్‌కి మాత్రం అన్యాయం చేశారు. సొంతంగా ఉద్యోగం చేసుకునే అమ్మాయి. మొదటి సినిమాలో ఆమెకి నోరుంది, హాస్యముంది. ఇందులో విమానాలెక్కి దిగడం, ఫోన్ ఎత్తకపోతే ఏడవడం తప్ప పని లేదు. అన్నా ఫ్రియెల్ లాంటి నటిని పెట్టుకుని.

ఇక ముగింపు. కప్పు గెలిచారు, కాగితాలు ఎగిరాయి, రోజ్ కడుపుతో ఉంది, ఇతనికి ఆ సంగతి పూర్తిగా తెలిసేలోపే తెర మీద 'సశేషం' పడిపోతుంది. మావాడు సోఫా మీద నిలబడిపోయాడు. "అదేంటి బాబాయ్! మూడోది పెట్టు, మూడోది పెట్టు."

మూడోది 2009లో వచ్చింది, థియేటర్లకి కాదు, నేరుగా డీవీడీకి. దర్శకుడు మళ్ళీ మారాడు. కథ 2006 ప్రపంచ కప్ చుట్టూ, అదీ ఇద్దరు ఇంగ్లండ్ ఆటగాళ్ళ గురించి. శాంటియాగో సినిమా మొదట్లోనే కారు ప్రమాదంలో గాయపడి మెక్సికోకి ఆడలేకపోతాడు. మిగతా సినిమా అంతా పక్కన నిలబడి చూస్తాడు. రోజ్ ఏమైంది, బిడ్డ ఏమైంది, గ్లెన్‌తో రాజీ పడ్డాడా, తల్లి ఏమంది, ఏదీ లేదు. రెండు సినిమాలు భుజాన మోసిన హీరోని మూడోదానిలో బెంచ్ మీద కూర్చోబెట్టారు, ఈసారి కోచ్ వేలు చూపించలేదు.

ఇదంతా మావాడికి చెప్పాను. నమ్మలేదు. "నువ్వు కావాలని చెబుతున్నావు, నిద్రొస్తోంది కదా నీకు" అన్నాడు. పడుకోబోతూ చూస్తే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మూడోది మొదలుపెట్టేశాడు. పొద్దున టిఫిన్ దగ్గర అడిగాను, ఎలా ఉందిరా అని. ఇడ్లీ తుంచుతూ "నీ శాంటియాగో కంటే ఆ ఇంగ్లండ్ వాళ్ళే నయం" అన్నాడు.

నా శాంటియాగో అంట. నిన్న రాత్రి దాకా వాడిదే.